బోర్లా పడితే బొబ్బట్లు.. కానీ ఏ నెలలో?

పసిపిల్లల ఎదుగుదలకి మన తెలుగువాళ్ళ దగ్గర ఒక చార్టుంది. దాన్ని ఎవరూ అచ్చేసి గోడకి తగిలించరు గానీ, ఇంట్లో పెద్దవాళ్ళందరికీ నోటికొచ్చు. బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు, మాటలొస్తే పంచదార చిలకలు. ఊరిని బట్టి పిండివంట మారుతుంది. మా ఆళ్ళగడ్డ వైపు బొబ్బట్లని భక్ష్యాలంటాం కాబట్టి ప్రాస కొంచెం చెడుతుంది, రుచికి మాత్రం ఢోకా లేదు.

ఈ చార్టులో ఒక విచిత్రం ఉంది, గమనించారా? ఇందులో నెలలు లేవు. బోర్లా పడటం నాలుగో నెలలోనా, ఆరో నెలలోనా అని ఎవరూ అడగరు. పడిన రోజున పొయ్యి మీద మూకుడు పెడతారు, అంతే. మన భాషలో చెప్పాలంటే ఇది ఈవెంట్ డ్రివెన్ సిస్టమ్. డెడ్‌లైన్లు లేవు, ఎస్కలేషన్లు లేవు.

నెలలున్న చార్టు మన ఇళ్ళలోకి తర్వాతెప్పుడో వచ్చింది. ఇప్పుడు అదే మన ఫోన్లలో యాప్‌గా కూర్చుని బెదిరిస్తోంది. మా చిన్నాయన కూతురు డల్లాస్‌లో ఉంటుంది. వాళ్ళ బాబుకి తొమ్మిది నెలలు నిండినా పాకడం లేదని తనకి ఒకటే దిగులు. ఆళ్ళగడ్డలో ఉన్న మా జేజి మాత్రం వీడియో కాల్‌లో "పాకకపోతే యేమైతాదిమ్మే, మీ నాయన గూడా పాకలా, ఒకేతూరి లేసి నడిసినాడు" అని కొట్టిపారేసింది. ఒకే బాబు, రెండు చార్టులు. ఏది నిజమో చూద్దామని చదవడం మొదలుపెడితే, దీని వెనక వందేళ్ళ చరిత్ర బయటపడింది. అదే ఇక్కడ రాస్తున్నా.

నెలలు పెట్టిందెవరు?

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో ఆర్నాల్డ్ గెసెల్ అనే ఆయన 1911లో పిల్లల క్లినిక్ మొదలుపెట్టాడు. తర్వాత సినిమా కెమెరాలు పెట్టి, ఏ నెలలో పిల్లలు ఏం చేస్తున్నారో ఫ్రేము ఫ్రేముగా నమోదు చేశాడు. పద్ధతి అద్భుతం, అందులో సందేహం లేదు. కానీ శాంపిల్ ఏంటి? న్యూ హేవెన్ అనే ఒక్క ఊరు, అందులోనూ మధ్యతరగతి తెల్లవాళ్ళ పిల్లలు. ఎదుగుదల అంతా లోపలి గడియారం ప్రకారం జరిగిపోతుందని గెసెల్ నమ్మకం. గడియారం అందరిలో ఒకటే అయినప్పుడు ఏ ఊరి పిల్లల్ని కొలిస్తే ఏంటి అన్నది లాజిక్కు. ఒక మెషీన్ మీద రన్ చేసిన బెంచ్‌మార్క్‌ని ప్రపంచమంతటికీ స్పెక్‌గా రాసేసినట్టు అన్నమాట.

ఆ తర్వాత నాన్సీ బేలీ అనే ఆవిడ వచ్చింది. 1928లో బర్క్‌లీలో అరవై పైచిలుకు పిల్లల్ని పుట్టినప్పటి నించీ పట్టుకుని, ఏళ్ళ తరబడి వదలకుండా కొలుస్తూ పోయింది. ఇవాళ ప్రపంచమంతా వాడే బేలీ స్కేళ్ళు ఆవిడవే. మొదటిసారి 1969లో అచ్చయ్యాయి. వాటిలో ఎదుగుదలని రెండుగా విడగొట్టింది. తల నిలపడం, కూర్చోవడం, నడవడం లాంటివి ఒక లెక్క. వస్తువుని గుర్తుపట్టడం, దాచిన బొమ్మని వెతకడం, మాటకి స్పందించడం లాంటివి ఇంకో లెక్క. అంటే ఒళ్ళు వేరు, బుద్ధి వేరు. ఈ విభజన గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితోనే పని.

బేలీ కనిపెట్టిన ఇంకో సంగతి యాప్‌లు చేసేవాళ్ళెవరూ చెప్పరు. మొదటి ఏడాదిలో వచ్చిన స్కోరుకీ, అదే పిల్లవాడికి బడి వయసులో వచ్చిన తెలివితేటల స్కోరుకీ దాదాపు సంబంధమే లేదు. ముందు నడిచినవాడు ముందు ఐఐటీకి వెళ్ళడు. ఈ మాట చెప్పింది స్కేలు తయారుచేసిన మనిషే!

కంపాలాలో మొదలైన గొడవ

1950ల్లో మార్సెల్ గెబెర్ అనే ఫ్రెంచ్ డాక్టరు గెసెల్ పరీక్షలు పట్టుకుని ఉగాండాలోని కంపాలా వెళ్ళింది. అక్కడి పిల్లలు యూరప్ పిల్లల కంటే చాలా ముందున్నారని 1957లో ప్రకటించింది. పుట్టిన కొద్ది రోజులకే తల బాగా నిలుపుతున్నారు, ముందుగా కూర్చుంటున్నారు, ముందుగా నడుస్తున్నారు అని. దీనికి ఆఫ్రికన్ ప్రీకాసిటీ అని పేరు పడింది.

ఇక్కడ చరిత్ర కాస్త చేదుగా మారింది. ముందుంటే మెచ్చుకోవాలి కదా? కొంతమంది దాన్ని తిప్పి చదివారు. ఒళ్ళు తొందరగా ఎదిగితే బుద్ధి తొందరగా ఆగిపోతుందని, ఇది జాతి లక్షణమని సిద్ధాంతాలు అల్లారు. వెనకబడితే వెనకబాటు, ముందుంటే అదీ వెనకబాటే. టెస్టు ఎటు పోయినా ఫెయిలని ముందే రాసి పెట్టుకున్న కోడ్ ఇది. నిజానికి గెబెరే ఒక ముఖ్యమైన సంగతి రాసింది. అక్కడే, యూరప్ పద్ధతిలో మంచాల్లో పడుకోబెట్టి పెంచే డబ్బున్న కుటుంబాల పిల్లల్లో ఈ దూకుడు కనపడలేదు. జాతి అదే, పెంపకం మారింది, ఫలితం మారింది. ఆ వాక్యాన్ని చాలామంది చూడనట్టు ఊరుకున్నారు.

చిక్కుముడి విప్పింది చార్ల్స్ సూపర్ అనే పరిశోధకుడు. కెన్యాలో కొక్వెట్ అనే ఊళ్ళో కిప్సిగిస్ కుటుంబాల మధ్య ఉండి, పిల్లల్ని కొలవడంతో పాటు తల్లులు రోజంతా ఏం చేస్తున్నారో రాసుకున్నాడు. 1976లో అచ్చయిన ఆయన వ్యాసం సారాంశం ఇది. ఆ పిల్లలు అమెరికా పిల్లల కంటే సుమారు నెల ముందు కూర్చుంటున్నారు, నడుస్తున్నారు. పాకడంలో మాత్రం ముందు లేరు. ఎందుకంటే అక్కడి తల్లులు కూర్చోవడం, నడవడం పనిగట్టుకుని నేర్పుతారు. నేలలో చిన్న గుంట తీసి, చుట్టూ గుడ్డలు పెట్టి బిడ్డని అందులో కూర్చోబెడతారు. ఆ నేర్పడానికి వాళ్ళ భాషలో ప్రత్యేకంగా మాటలున్నాయి. పాకడం ఎవరూ నేర్పరు. జాతి వల్ల ముందుంటే అన్నిట్లోనూ ముందుండాలి కదా? నేర్పిన వాటిలోనే ముందుండటమేంటి?

మన భాషనీ ఇలా పరీక్షించొచ్చు

ఇది చదవగానే నాకు తెలుగు క్రియలు గుర్తొచ్చాయి. మనకి కూర్చోబెట్టడం ఉంది, నిలబెట్టడం ఉంది, నడిపించడం ఉంది. "పాకించడం" అన్న మాట ఇంట్లో ఎప్పుడైనా విన్నారా? వ్యాకరణం ప్రకారం తప్పు కాదు, కానీ ఎవరూ వాడరు. ఎందుకంటే మనమూ ఆ పని చెయ్యం. బిడ్డ తనంతట తాను పాకితే పాయసం చేస్తాం, అంతే.

నంద్యాలలో, ఆళ్ళగడ్డలో నేను పెరిగిన ఇళ్ళు తలుచుకుంటే కారణం అర్థమవుతుంది. కింద నేల బేతంచెర్ల నాపరాయి. చలికాలం పొద్దున్నే కాలు పెడితే జివ్వుమంటుంది. అలాంటి నేల మీద నెలల బిడ్డని ఎవరు వదులుతారు? అందుకని బిడ్డ ఒళ్ళోనో, చంకలోనో, బొంత మీదో, లేదంటే మిద్దె దూలానికి కట్టిన చీర ఉయ్యాలలోనో ఉంటుంది. చేలో కలుపుకి పోయే తల్లులైతే గట్టు మీది వేపకొమ్మకి ఉయ్యాల కడతారు. కింద తేళ్ళూ చీమలూ ఉంటాయి మరి! మనుషులు బిడ్డని ఎత్తుకుని తిరగడానికి కారణం ప్రేమ ఒక్కటే కాదు, నేల కూడా.

ఇక నీళ్ళు పోయడం. జేజి కాళ్ళు చాపుకుని కూర్చుని, కాళ్ళ మీద బిడ్డని బోర్లా వేసుకుని, నూనె పట్టించి, సున్నిపిండి రుద్ది, చేతులు అడ్డంగా లాగి, మోకాళ్ళు మడిచి చాచి, వేణ్ణీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి ఉయ్యాలలో పడేస్తే బిడ్డ మూడు గంటలు లేవదు. బోర్లా పడుకుని తలెత్తడానికి బిడ్డ చేసే వ్యాయామం, అమెరికాలో డాక్టర్లు టమ్మీ టైమ్ అని చెప్పి చేయించేది, మన బిడ్డకి జేజి కాళ్ళ మీద రోజూ జరిగిపోతుంది.

ఇలాంటి చేతిపని ప్రభావాన్ని వేరే చోట కొలిచారు కూడా. ఇంగ్లండ్‌లో ఒకే నగరంలో ఉంటున్న జమైకా, ఇంగ్లీషు, భారతీయ తల్లుల్ని బ్రయాన్ హాప్కిన్స్ బృందం 1980ల్లో పోల్చి చూసింది. జమైకా తల్లులు బిడ్డకి రోజూ ఒళ్ళు రుద్ది, కాళ్ళూ చేతులూ సాగదీసి, ఎగరేసి ఆడిస్తారు. తమ పిల్లలు ముందుగా కూర్చుంటారు, నడుస్తారు అని వాళ్ళే ముందు ఆశిస్తారు. అలాగే జరిగింది. అమెరికాలో 1972లో ఫిలిప్ జెలాజో బృందం చేసిన చిన్న ప్రయోగంలో, పుట్టిన మొదటి ఎనిమిది వారాలు రోజుకి 12 నిమిషాలు అడుగులు వేయించిన పిల్లలు మిగతావాళ్ళ కంటే ముందు నడిచారు. గెసెల్ అనుకున్న లోపలి గడియారానికి ముల్లు బయటి చేతులు కూడా తిప్పగలవన్నమాట.

అన్నట్టు, తిరునాళ్ళలో అమ్మే మూడు చక్రాల చెక్క నడక బండినీ, షాపుల్లో దొరికే ప్లాస్టిక్ వాకర్‌నీ ఒకటే అనుకోకండి. చెక్క బండిని బిడ్డ నిలబడి తోస్తుంది, బరువంతా సొంత కాళ్ళ మీదే. వాకర్‌లో బిడ్డ వేలాడుతూ కూర్చుంటుంది. వాకర్‌లో పెరిగిన పిల్లలు కూర్చోవడం, పాకడం, నడవడం అన్నీ ఆలస్యమయ్యాయని 1999లో ఒక అమెరికా అధ్యయనం చూపించింది. మెట్ల మీద నించి పడే ప్రమాదాల వల్ల కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది.

వెనకబడిన పిల్లలు నిజంగా వెనకబడ్డారా?

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. పరాగ్వే అడవుల్లో అఛే అనే తెగ ఉంది. వేటాడుతూ తిరిగే ఆ జీవితంలో పసిబిడ్డని కింద వదిలితే ప్రమాదం. అందుకని ఎప్పుడూ ఎత్తుకునే ఉంటారు. వాళ్ళ పిల్లలు దాదాపు రెండేళ్ళ దగ్గర నడుస్తారు. మన చార్టులన్నీ ఎర్ర జెండా ఊపే వయసది. కానీ అదే పిల్లలు ఎనిమిది, పదేళ్ళు వచ్చేసరికి పెద్ద పెద్ద చెట్లెక్కేస్తారు.

అంత దూరం ఎందుకు, అమెరికాలోనే ఒక ఉదాహరణ ఉంది. నిద్రలోనే పసిపిల్లలు చనిపోతున్నారని 1994లో అక్కడ బిడ్డల్ని వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలుపెట్టారు. ఆ మరణాలు సగానికి పైగా తగ్గాయి. దానితో పాటు ఇంకో మార్పు వచ్చింది. వెల్లకిలా పడుకునే పిల్లలు బోర్లా పడటం, కూర్చోవడం, పాకడం కాస్త ఆలస్యం చేశారని 1998లో తేలింది. నడిచే వయసు మాత్రం మారలేదు. ఒక్క తరంలో జాతి మారిందా? లేదు, పడుకోబెట్టే తీరు మారింది.

మా చెల్లెలి ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే దొరికింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో 816 మంది ఆరోగ్యవంతమైన పిల్లల్ని వరసగా గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మన దేశం తరఫున ఢిల్లీ పిల్లలు. ఘనా పిల్లలు కాస్త ముందు, నార్వే పిల్లలు కాస్త వెనక. ఒక్క తేదీ బదులు వాళ్ళు విండో ఇచ్చారు. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలల నించి 9.2 నెలల దాకా. పాకడం 5.2 నించి 13.5 దాకా. ఒంటరిగా నడవడం 8.2 నించి 17.6 దాకా. సుమారు 4 శాతం మంది మోకాళ్ళ మీద అసలు పాకనే లేదు, నేరుగా లేచి నడిచారు. 2022లో అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ తన జాబితాలోంచి పాకడాన్ని తీసేసింది. ఈ ఒక్క విషయంలో జేజి కరెక్టు.

మన స్కేలు మనం చేసుకున్నాం

మన దేశం కూడా ఊరికే కూర్చోలేదు. బరోడాలోని ఎం.ఎస్. విశ్వవిద్యాలయంలో ప్రమీలా ఫాటక్ బేలీ పరీక్షల్ని తీసుకుని మన పిల్లల మీద ప్రయోగించి, మన పిల్లల నెలలు లెక్క కట్టింది. 1970లో వచ్చిన ఆ లెక్కలకి బరోడా నార్మ్స్ అని పేరు. ఇప్పటికీ మన ఆస్పత్రుల్లో వాడే డాసీ పరీక్ష దాని వారసురాలే. అందులో శరీర కదలికలకి 67, బుద్ధికి 163 అంశాలుంటాయి. అవన్నీ చేయించడానికి శిక్షణ పొందిన మనిషి కావాలి, పెట్టెడు సామాను కావాలి. పల్లెల్లో కుదరదు. అందుకని తిరువనంతపురం వాళ్ళు 1991లో వాటిలోంచి 17 అంశాలు ఏరి ఒక్క కాగితం మీదికి తెచ్చారు. ఒక పెన్నూ, తాళంచెవుల గుత్తీ ఉంటే చాలు, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. వందల ఫీచర్ల సాఫ్ట్‌వేర్‌ని వాడేవాడి చేతికి సరిపోయేలా కుదించడం ఎంత కష్టమో మనకి తెలుసు కాబట్టి, నాకు ఆ 17 అంశాల కాగితం మీదే గౌరవం ఎక్కువ.

అసలు సంగతి: బుద్ధి

ఇంతవరకూ చెప్పిందాన్ని బట్టి "అయితే చార్టులన్నీ చెత్త, ఎవరి సంస్కృతి వాళ్ళది, అన్నీ వాటంతట అవే వస్తాయి" అని తేల్చేయబుద్ధవుతుంది. నాకూ మొదట అదే సుఖంగా అనిపించింది. కానీ తెలుగు పల్లెల్లోనే జరిగిన ఒక అధ్యయనం ఆ సుఖాన్ని ఒప్పుకోదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకురాలు షహనాజ్ వజీర్ బృందం నల్గొండ జిల్లాలో 60 ఊళ్ళు తీసుకుంది. మూడు నెలల వయసు నించి పదిహేను నెలల దాకా 600 మంది తల్లీబిడ్డల జంటల్ని గమనించింది. ఊళ్ళని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి మామూలు అంగన్‌వాడీ సేవలు. రెండో గుంపుకి అదనంగా ఏం తినిపించాలో సలహా. మూడో గుంపుకి ఏం తినిపించాలో మాత్రమే కాదు, ఎలా తినిపించాలో కూడా చెప్పారు. బిడ్డ మొహం చూస్తూ, ఆకలి కనిపెట్టి, మాట్లాడుతూ తినిపించడం, బొమ్మలతో ఆడించడం. చివర్లో బేలీ పరీక్ష పెట్టారు. 2013లో అచ్చయిన ఫలితాల ప్రకారం, తిండి సలహా ఒక్కటే అందిన గుంపులో పిల్లల పొడుగు కాస్త మెరుగైంది, బుద్ధి స్కోరు మారలేదు. మాటా ఆటా కలిపిన గుంపులో బుద్ధి స్కోరు సగటున 3 పాయింట్లు పెరిగింది.

మూడు పాయింట్లేనా అంటారేమో. జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఎదుగుదల తగ్గిన 129 మంది పిల్లల్ని తీసుకుని, వాళ్ళలో కొంతమంది ఇళ్ళకి రెండేళ్ళ పాటు వారానికో గంట వెళ్ళి తల్లులకి ఆడించడం నేర్పారు, ఫలితాలు 1991లో వచ్చాయి. ఇరవై ఏళ్ళ తర్వాత వెతికి చూస్తే, అలా ఆట అందిన పిల్లల సంపాదన మిగతావాళ్ళ కంటే సుమారు 25 శాతం ఎక్కువగా ఉంది.

అంటే నాకు అర్థమైంది ఇది. ఒళ్ళు ఎక్కడైనా తన దారి తాను వెతుక్కుంటుంది, నెల అటో ఇటో అంతే. బుద్ధికి మాత్రం ఎదురుగా ఒక మనిషి కావాలి. మన భాషకి ఇది ఎప్పుడో తెలుసు. పాకించడం లేని భాషలో మాట్లాడించడం ఉంది, ఆడించడం ఉంది, చప్పట్లు కొట్టించడం ఉంది, దణ్ణం పెట్టించడం ఉంది. చందమామని చూపిస్తూ గోరుముద్దలు తినిపించడం అంటే నల్గొండ మూడో గుంపుకి నేర్పిందే కదా. కాకపోతే దానికి తీరిక కావాలి. పొద్దున్నే కూలికి పోయి చీకటి పడ్డాక వచ్చే తల్లికి ఆ తీరిక లేదు. నిజం చెప్పాలంటే రాత్రి తొమ్మిదింటి దాకా కాల్స్‌లో ఉండి, బిడ్డ చేతిలో ఫోన్ పెట్టి తినిపించే మన ఇళ్ళలోనూ లేదు.

సంస్కృతి పేరు చెప్పి ఆకలిని దాచొద్దు

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. "మా వంశంలో అందరూ లేటే" అన్న మాట నాకు భయం. సంస్కృతి సాధారణంగా ఒక నెలని జరుపుతుంది. ఆరు నెలలు జరిగితే అక్కడ వేరే ఏదో ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త వేన్ డెన్నిస్ టెహ్రాన్ అనాథాశ్రమంలో చూసి 1960లో రాశాడు. ఎత్తుకునేవాళ్ళు లేక, రోజంతా తొట్టెల్లో వెల్లకిలా పడి ఉన్న పిల్లల్లో చాలామంది రెండేళ్ళు దాటినా నడవలేదు. అది సంస్కృతి కాదు, లేమి. మన దగ్గర ఆ లేమి రక్తంలో ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నించి అయిదేళ్ళ లోపు పిల్లల్లో సుమారు 63 శాతం మందికి రక్తహీనత, అయిదేళ్ళ లోపు వాళ్ళలో 31 శాతం మంది వయసుకి తగ్గ పొడుగు లేరు. నంద్యాల 2022లో కొత్త జిల్లా అయింది గానీ, ఈ అంకెలకి జిల్లా గీతలు అడ్డం రావు.

కాబట్టి నెలల చార్టుని పారేయొద్దు, దాన్ని వాడే పద్ధతి మార్చుకుందాం. పక్కింటి బిడ్డతో పందెం కోసం కాదు, విండో చివరి అంచు చూడటం కోసం. తొమ్మిది నెలలు దాటినా కూర్చోకపోయినా, పద్దెనిమిది నెలలకీ నడవకపోయినా, పిలిస్తే తిరగకపోయినా, ఏడాది లోపే ఒక్క చెయ్యే వాడుతున్నా, వచ్చిన మాటో అడుగో మళ్ళీ పోయినా జేజి మాట పక్కన పెట్టి డాక్టరు దగ్గరికెళ్ళాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే పుట్టాల్సిన తేదీ నించి లెక్కపెట్టాలి. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే పథకం కింద ఈ పరీక్షలు ఉచితంగా చేస్తారు. ఊళ్ళో మీవాళ్ళకి అంగన్‌వాడీలో అడగమని చెప్పండి.

విండో లోపల ఉన్నంత కాలం మాత్రం యాప్‌లో నోటిఫికేషన్లు ఆపేసి, మూకుడు పెట్టడానికి సిద్ధంగా ఉంటే చాలు. మీ ఊళ్ళో బోర్లా పడితే ఏం వండుతారో, గడప దాటితే ఏం పంచుతారో రాయండి. మన చార్టుని కూడా ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట రాసి పెట్టాలి కదా.